చెడిపోయిన మాటలు

మనుష్యులకు వలెనే మాటలకూ మంచిరోజులు, చెడ్డరోజులు ఉంటాయి. ఒకనాడు నలుగురిలో గౌరవంగా తిరిగిన మాట మరొకనాడు తిట్టు అయి కూర్చుంటుంది. భాషావేత్తలు దీనిని అర్థాపకర్ష అంటారు. పేరు పెద్దదే గాని, సంగతి మన వంటింట్లోనే కనబడుతుంది.

‘కంపు’ అంటే పూర్వం వాసన అనే అర్థం. కవులు పరిమళానికి కూడా ఆ మాట వాడారు. ఇప్పుడది దుర్గంధమే. దాని చోటికి వచ్చిన ‘వాసన’కూ అదే గతి పట్టుతున్నది. పప్పు వాసన వేస్తున్నదంటే పాచిపోయిందనే కదా! మంచిదని చెప్పాలంటే ‘సు’ తగిలించక తప్పదు. తమిళనాట ఉన్న మనవారు ‘నాట్రం’ అనే మాట ఎరుగుదురు. నేడది ముక్కు మూసుకొనే మాట. తిరుక్కురళ్‌లో మొగ్గలో దాగిన పరిమళం.

ఛందస్సంటే వేదం, వేదం చదివినవాడు ఛాందసుడు. ఇప్పుడా మాటకు కాలంతో నడవనివాడని అర్థం. కైంకర్యం వైష్ణవాలయాలలో నేటికీ భగవత్సేవే. గుడి దాటి వస్తే మాత్రం, సొమ్ము కైంకర్యం చేశాడంటే దిగమింగాడని!

ఇవి నవ్వుకోదగినవి. నవ్వరానివి కూడా ఉన్నాయి.

‘సాని’ గౌరవవాచకం. గూడూరు శాసనంలోని విరియాల కామసాని కాకతీయ వంశాన్ని నిలబెట్టిన మహాసాధ్వి. ‘దొరసాని’లో ఆ గౌరవం నేటికీ మిగిలింది. ఆలయసేవకు అంకితమైన స్త్రీలను లోకం చిన్నచూపు చూడగా, వారితోపాటు మాటా పతనమైంది. 1947లో మద్రాసు శాసనం ఆ అంకితాన్ని నిషేధించినా, మాటకు పోయిన పరువు తిరిగి రాలేదు.

భర్తను పోగొట్టుకొన్న స్త్రీ విధవ. ఆ మాటే ‘వెధవ’ అయింది. 1856లో వితంతు వివాహాన్ని చట్టం ఆమోదించింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. అయినా ఈనాటికీ పిల్లవాడు పాలు ఒలకబోస్తే ‘వెధవా’ అంటున్నాము. ఒక ఆడదాని దుఃఖానికీ, ఒలికిన పాలకూ ఏమి సంబంధం?

మాట తనంతట తాను చెడదు. మనం ఎవరిని హీనంగా చూస్తామో వారి పేరే తిట్టవుతుంది. కొత్త పేరు పెట్టినా, చూపు మారనప్పుడు దానికీ కంపు తరువాత వాసనకు పట్టిన గతే.

తెలుగు బడి అందుబాటులో లేనిచోట మన పిల్లలు ఇంట్లో విన్నదే తెలుగు. కనుక సోదరీ సోదరులారా, కోపం వచ్చినప్పుడు తప్పు చేసిన పిల్లవానిని పేరుపెట్టి పిలిచే మందలించండి. ఆ తప్పుతో సంబంధం లేని వారిని మధ్యకు ఈడ్చవద్దని మా మనవి.