మూడు తరాల గొడ్లసావిడి

మీ తాతగారి గొడ్లసావిడిలో ఎన్ని పశువులుండేవో ఎప్పుడైనా అడిగారా? కృష్ణా డెల్టాలో ఏ పాత రైతును కదిపినా ఎకరాల లెక్కతోపాటు గొడ్ల లెక్క కూడా చెబుతాడు.

1855లో విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలువ నీళ్లొచ్చాక వరి పెరిగింది. దమ్ము చేయాలన్నా, బండి కట్టాలన్నా, కుప్ప నూర్చాలన్నా ఎద్దులే దిక్కు. ఇంటి ఆవు ఈనిన కోడెదూడే పెద్దదై కాడి మోసేది. పాలు ఇంటికి సరిపోతే చాలనుకునేవారు. అది తాతల కాలం.

తండ్రుల కాలంలో పాలే ఆదాయమయ్యాయి. 1969లో విజయవాడలో పాల ఫ్యాక్టరీ మొదలైంది. తర్వాత ఊళ్లలో పాల కేంద్రాలు వెలిశాయి. వెన్న శాతాన్ని బట్టి డబ్బు. గేదె పాలలో వెన్న 6, 7 శాతం ఉంటుంది గనుక రైతు గేదె వైపు మొగ్గాడు. నాటు గేదెలను ముర్రాతో కట్టించి, పుట్టిన పెయ్యలను మళ్లీ ముర్రాతోనే కట్టిస్తూ పాలు పెంచుకున్నారు. గ్రేడెడ్ ముర్రాలంటే ఇవే. ట్రాక్టర్లు పెరిగేకొద్దీ ఎద్దులు తగ్గాయి.

దివిసీమలో మాత్రం ఈ కథ మధ్యలో తెగింది. 1977 నవంబరు 19న ఉప్పెన ఊళ్లను ముంచేసింది. సుమారు 10 వేల మంది చనిపోయారు. పశువులకైతే లెక్కే లేదు. పలుపుతాడుతో గుంజకు కట్టిన గొడ్డు ఈదనైనా ఈదలేదు. అందుకే తుపాను హెచ్చరిక రాగానే పశువులను మెరక ప్రాంతానికి తోలాలి. వీలుకాకపోతే కనీసం పలుపులు విప్పేయాలి.

ఇప్పుడు మన తరం. ఉప్పెన లేకుండానే మందలు తరిగిపోతున్నాయి. వట్టిపోయిన గేదెను అమ్మి పాడిగేదెను కొనడం అలవాటైంది. పాలన్నీ కేంద్రానికి పోసి దూడకు మిగల్చడం లేదు. పెయ్యదూడ చచ్చిపోతే ఒక తరం పోయినట్టే. కొన్నచోట మోసపోతే అప్పు మిగులుతుంది.

ఖర్చు తక్కువ పనులు ఇవి. దూడ పుట్టిన గంటలోపు ముర్రుపాలు తాగించండి. 10-15 రోజుల వయసులో పశువైద్యుడిని అడిగి నట్టల మందు పట్టండి. 4 నుంచి 8 నెలల మధ్య పెయ్యలకు బ్రూసెల్లా టీకా వేయించండి. గేదె ఎద బయటికి పెద్దగా కనపడదు, తెల్లవారుజామున గమనించండి. ఉదయం ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు ఉదయం కట్టించండి. ఏ పశువు ఎప్పుడు కట్టింది, ఎప్పుడు ఈనింది, ఎన్ని పాలిచ్చింది, ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఏ పెయ్యను ఉంచుకోవాలో ఆ పుస్తకమే చెబుతుంది.

ఈ ఏడాది పుట్టిన పెయ్య బాగా మేపితే మూడు, మూడున్నరేళ్లకు ఈనుతుంది. మంచి గేదె కడుపున పుట్టిన పెయ్యను సంతకు తోలేముందు ఒక్కసారి ఆలోచించండి. రేపు మీ పిల్లల సావిడి దానితోనే నిండాలి.