గేజ్‌లో ముల్లు ఊగితే ఇంజిన్‌లో ఏమైనట్టు?

పెట్రోల్ కారు ఐడిల్‌లో వణుకుతోందంటే ముందు ప్లగ్గులు మార్చడం, అయినా తగ్గకపోతే ఇంజిన్ దించుదామనడం మామూలే. ఈ రెంటికీ మధ్య చేయాల్సిన చవక పరీక్ష ఒకటుంది. వాక్యూమ్ గేజ్ గొట్టాన్ని ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు తగిలించి ముల్లును గమనించడమే అది.

సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 29.92 అంగుళాల పాదరసానికి సమానం. ఐడిల్‌లో థ్రాటిల్ దాదాపు మూసుకునే ఉంటుంది, పిస్టన్లు మాత్రం గాలిని లాగుతూనే ఉంటాయి. దాంతో మానిఫోల్డ్‌లో ఒత్తిడి బయటికంటే బాగా పడిపోతుంది. గేజ్ చూపేది ఆ తేడానే. ఆరోగ్యంగా ఉన్న మామూలు ఇంజిన్‌లో అది 17 నుంచి 21 అంగుళాలు ఉంటుంది, ముల్లు కదలకుండా నిలుస్తుంది.

ఊరి ఎత్తును బట్టి కూడా అంకె మారుతుంది. ప్రతి 1,000 అడుగులకు దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. విశాఖ తీరంలో 20 చూపిన కారు, సుమారు 1,800 అడుగుల ఎత్తులోని హైదరాబాద్‌లో 18 చూపితే కంగారు పడక్కర్లేదు.

అంకె ఎంత ముఖ్యమో, ముల్లు కదిలే తీరు అంతకంటే ముఖ్యం.

నిలకడగా 15 దగ్గర ఆగితే: ఇగ్నిషన్ లేదా వాల్వ్ టైమింగ్ వెనకబడి ఉండొచ్చు, రింగులు అరిగి ఉండొచ్చు.

నిలకడగా 10 లోపే ఉంటే: మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గరో, పగిలిన రబ్బరు గొట్టంలోనో గాలి లీకవుతోందేమో ముందు చూడాలి.

లయగా నాలుగైదు అంగుళాలు పడి లేస్తుంటే: ఒక వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. 800 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ నిమిషానికి 400 సార్లు గాలి పీలుస్తుంది. అంటే ఆ కుదుపు సెకనుకు ఆరేడుసార్లు వస్తుంది.

5 నుంచి 19 దాకా ఊగిసలాడితే: పక్కపక్క సిలిండర్ల మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలి.

ఐడిల్‌లో 14-19 మధ్య గబగబా వణికి, రేజ్ చేస్తే కుదుటపడితే: వాల్వ్ గైడ్లు అరిగాయి. రేజ్ చేసేకొద్దీ వణుకు పెరిగితే తప్పు స్ప్రింగులది.

ఐడిల్‌లో బయటపడని జబ్బూ ఒకటుంది. 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచినప్పుడు ముల్లు మెల్లమెల్లగా దిగిపోతుంటే, సైలెన్సర్ లేదా క్యాటలిటిక్ కన్వర్టర్ పూడుకుపోయినట్టు.

గేజ్ లేకపోయినా స్కానర్‌తో పని జరుగుతుంది. కాకపోతే మానిఫోల్డ్ సెన్సర్ తేడాను కాక అసలు ఒత్తిడినే కిలోపాస్కల్స్‌లో చెబుతుంది. సముద్రమట్టం దగ్గర 20 అంగుళాల వాక్యూమ్ అంటే అక్కడ కనిపించేది సుమారు 34. ఇక్కడ అంకె పెరిగితే వాక్యూమ్ తగ్గినట్టు.

ఇంజిన్ వేడెక్కాక, ఏసీ ఆపి, థ్రాటిల్‌కు ఇంజిన్ వైపున్న పోర్టు నుంచే రీడింగ్ తీయాలి. థ్రాటిల్ అడ్డులేని డీజిల్ ఇంజిన్లకు ఈ లెక్క పనికిరాదు.

గేజ్ దారి చూపుతుందే తప్ప తీర్పు చెప్పదు. వాల్వో రింగులో అని అనుమానం వస్తే కంప్రెషన్ పరీక్షతో ఖాయం చేసుకోండి. ఈ రెండు రీడింగులూ కాగితం మీద చూడకుండా ఇంజిన్ దించడానికి ఒప్పుకోకండి.