వివరణ: ఢిల్లీకి దూరమైన డ్యురాండ్ కప్.. చెరగని హైదరాబాద్ ముద్ర

న్యూఢిల్లీ: ఆసియాలోకెల్లా పురాతనమైన ఫుట్‌బాల్ పోటీ డ్యురాండ్ కప్. 1888లో ఆరంభమైన ఈ పోటీకి దేశ రాజధాని దశాబ్దాల పాటు ఆతిథ్యమిచ్చింది. స్వాతంత్ర్యానంతరం పన్నెండేళ్ల వ్యవధిలో హైదరాబాద్‌కు చెందిన పోలీసు జట్టు నాలుగు పర్యాయాలు ఈ కప్‌ను కైవసం చేసుకుంది. నేడు పోటీకి ప్రధాన వేదిక ఢిల్లీ కాదు. దేశ అగ్రశ్రేణి లీగ్‌లో హైదరాబాద్ పేరూ కనిపించదు. ఈ రెండు పరిణామాల వెనుక ఉన్న చరిత్ర ఇది.

సైనికుల ఆటగా మొదలై..

బ్రిటిష్ ఇండియా ప్రభుత్వ విదేశాంగ కార్యదర్శి సర్ మార్టిమర్ డ్యురాండ్ ఈ పోటీని సిమ్లాలోని అన్నన్‌డేల్ మైదానంలో ప్రారంభించారు. 1893లో అఫ్గానిస్థాన్‌తో కుదిరిన సరిహద్దు రేఖకు పేరు వచ్చిందీ ఆయన మీదుగానే. తొలినాళ్లలో కప్ బ్రిటిష్ సైనిక దళాలకే పరిమితమైంది. మొదటి విజేత రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్.

1940లో పోటీ ఢిల్లీకి తరలివచ్చింది. ఆ ఏడాది ఇర్విన్ యాంఫీథియేటర్‌లో జరిగిన తుదిపోరులో కలకత్తాకు చెందిన మహమ్మడన్ స్పోర్టింగ్ 2-1 తేడాతో రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించింది. సైన్యంతో సంబంధం లేని భారతీయ జట్టు డ్యురాండ్ కప్ గెలవడం అదే ప్రథమం. నాటి ఇర్విన్ యాంఫీథియేటరే నేటి మేజర్ ధ్యాన్‌చంద్ జాతీయ స్టేడియం.

పోలీసు జట్టు ప్రాభవం

యుద్ధం, దేశ విభజన కారణంగా నిలిచిపోయిన పోటీ 1950లో పునఃప్రారంభమైంది. ఆ ఏడాది ఫైనల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి విజేతగా నిలిచింది. 1954, 1957లలో మళ్లీ గెలిచింది. 1961లో ఆంధ్ర పోలీస్ పేరుతో నాలుగోసారి కప్ అందుకుంది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలవడం ఈ జట్టు మరో ఘనత.

ఈ విజయాల సూత్రధారి శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన ఆయన వ్యక్తిగత విన్యాసాల కన్నా చిన్న చిన్న పాస్‌లతో కూడిన సమష్టి ఆటకు ప్రాధాన్యమిచ్చారు. ఆయన శిక్షణలోనే భారత్ 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది.

క్షీణతకు కారణాలు

రహీం 1963లో కన్నుమూశారు. అంతకుముందే క్రీడాకారుల వలస ఆరంభమైంది. సికింద్రాబాద్ పరిసరాల్లో ఎదిగిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. తరువాతి తరంలో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ వంటివారూ కలకత్తా బాట పట్టారు. అక్కడి క్లబ్బులకు అశేష ప్రేక్షకాదరణ, దానితో పాటే ఆదాయం ఉండేవి. ఉద్యోగులతోనే ఆడవలసిన పోలీసు జట్టు వాటితో పోటీపడలేకపోయింది. సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ 1965-66లో గెలిచింది. ఆ తరువాత ఆ స్థాయి విజయం దక్కలేదు.

ఢిల్లీ ఎందుకు కోల్పోయింది?

1996లో జాతీయ లీగ్, 2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలయ్యాక క్లబ్బుల దృష్టి లీగ్‌ల వైపు మళ్లింది. నాకౌట్ కప్‌లకు ప్రాధాన్యం తగ్గింది. 2016లో ఢిల్లీలోని అంబేడ్కర్ స్టేడియంలో జరిగిన ఫైనల్లో ఆర్మీ గ్రీన్ జట్టు గెలిచింది. తరువాతి రెండేళ్లు పోటీ జరగనే లేదు. 2019లో సైన్యం దానిని కోల్‌కతా కేంద్రంగా పునరుద్ధరించింది. ఫుట్‌బాల్‌కు నిండు గ్యాలరీలు దొరికే నగరం అది కావడంతో కప్‌కు మళ్లీ ఊపిరి వచ్చింది. 2023 నాటికి పాల్గొనే జట్ల సంఖ్య 24కు చేరింది.

చేతులు మారిన క్లబ్బు

2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22 సీజన్‌లో ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ గెలిచి పాత వైభవంపై ఆశలు రేపింది. అయితే 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. ఒకనాడు హైదరాబాద్ ఆటగాళ్లు కప్ గెలుచుకొని వెళ్లిన నగరానికే ఇప్పుడు హైదరాబాద్ క్లబ్బు చేరింది. ఢిల్లీకి జట్టు దక్కినా డ్యురాండ్ కప్ తిరిగి రాలేదు. హైదరాబాద్‌కు ఘనమైన గతం ఉన్నా అగ్రశ్రేణి జట్టు మిగల్లేదు.

నాటి విజయాలకు పునాది బయటినుంచి వచ్చిన పెట్టుబడి కాదు. స్థానిక మైదానాలు, క్రీడాకారులకు పోలీసు శాఖలో దొరికిన ఉద్యోగ భద్రత, ఏళ్ల తరబడి ఒకే శిక్షకుడి పర్యవేక్షణ ఆ జట్టును నిలబెట్టాయి. యజమాని నిర్ణయంతో క్లబ్బు ఊరు మారగలదు. ఊరిలో పుట్టి పెరిగిన ఆట నిలవాలంటే ఆ మూడూ మళ్లీ సమకూరాలి.