మీకు తెలుసా? కారు ప్యానెళ్లకు ఫైబర్ పని, సీమ ఎండ

• కారు డోర్ ప్యానెల్ విప్పి వెనక్కి తిప్పితే ప్లాస్టిక్ రకం చెప్పే చిన్న అక్షరాలు కనిపిస్తాయి. ఏబీఎస్ అని ఉంటే, గరుకు కాగితంతో బాగా రుద్దాక ఫైబర్ పనిలో వాడే రెసిన్ పట్టుకుంటుంది. పీపీ, అంటే పాలీప్రొపిలీన్ అయితే తామరాకు మీద నీటిబొట్టే; గట్టిపడిన పొర ఊడి వచ్చేస్తుంది.

• ప్యానెల్‌లో స్పీకర్ బిగించేందుకు కొత్త ఆకారం కావాలంటే చెక్క రింగు నిలబెట్టి, సాగే ఫ్లీస్ గుడ్డ బిగించి, దానికి పాలిస్టర్ రెసిన్ పట్టిస్తారు. గట్టిపడ్డాక లోపలి వైపు గాజు మ్యాట్ పొరలు వేస్తారు. బయట పుట్టీ పెట్టి నునుపు చేస్తారు.

• రెసిన్‌ను గట్టిపరిచేందుకు కలిపే హార్డెనర్ మామూలుగా 1–2 శాతమే. కర్నూలు, కడపల్లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటితే కలిపిన రెసిన్ డబ్బాలోనే గడ్డకడుతుంది. తెల్లవారుజామున, కొద్దికొద్దిగా కలుపుకోవడమే మేలు.

• ఫైబర్‌గ్లాస్ బాడీతో పెద్దఎత్తున తయారైన తొలి కార్లలో అమెరికా షెవర్లే కార్వెట్ ఒకటి. అది 1953లో వచ్చింది.

• ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి గనులు ప్రపంచ ప్రసిద్ధం. ఈ బరువైన ఖనిజపు పొడిని కార్లలో శబ్దం తగ్గించే షీట్ల తయారీలోనూ వాడతారు.

• ఎయిర్‌బ్యాగ్ మూతలపై ఫైబర్ వేయకూడదు. అవసరమైన క్షణంలో మూత తెరుచుకోకపోతే ప్రాణాలకే ముప్పు. రెసిన్ ఆవిరికి తగిన మాస్కు, చేతులకు గ్లౌజులు, గాలి ఆడే చోటు తప్పనిసరి.