నెలలు నిండకముందే కాన్పు ఎందుకు చేస్తారు?

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే గర్భిణికి సాయంత్రం తలనొప్పి వస్తే నింద ముందు స్క్రీన్ మీద పడుతుంది. కళ్ళు మసకబారితే నిద్ర చాలలేదంటారు. పాదాలు వాస్తే రోజంతా కుర్చీలో కూర్చున్నందుకని, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే గ్యాస్ పట్టిందని సరిపెట్టుకుంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ 20 వారాలు దాటాక ఇవే ప్రీఎక్లాంప్సియా లక్షణాలు కూడా. ఏది ఏదో మనిషిని చూసి చెప్పలేం. బీపీ చూడాలి, మూత్రం పరీక్షించాలి. ఐటీ కారిడార్‌లో ఈ జబ్బు ఉద్యోగపు అలసటలా కనిపిస్తూ వస్తుందన్నదే నా బెంగ.

20 వారాల తర్వాత బీపీ 140/90కి చేరి, నాలుగు గంటలాగి చూసినా అలాగే ఉంటే అది గర్భంలో వచ్చిన బీపీ. దానితోపాటు మూత్రంలో ప్రొటీన్ పోతున్నా, కాలేయం, కిడ్నీలు దెబ్బతింటున్నా, ప్లేట్‌లెట్లు పడిపోతున్నా ప్రీఎక్లాంప్సియా అంటారు. 160/110 కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. ముదిరి ఫిట్స్ వస్తే అది ఎక్లాంప్సియా. పెద్దవాళ్ళు గుర్రపు వాతం అనేది దీన్నే.

దీని మూలం మాయలో ఉంది. గర్భం తొలి నెలల్లో మాయ కణాలు గర్భసంచి గోడలోకి చొచ్చుకెళ్ళి అక్కడి సన్నని ధమనులను వెడల్పు చేయాలి. ఆ పని సగంలో ఆగిపోతే, గొట్టం మూతిని వేలితో సగం మూసినప్పుడు నీళ్ళు చిమ్మినట్టు, రక్తం వేగంగా వచ్చి మాయనే గాయపరుస్తుంది. గాయపడిన మాయ తల్లి రక్తంలోకి ఎస్‌ఫ్లిట్-1 అనే ప్రొటీన్‌ను మోతాదు మించి వదులుతుంది. రక్తనాళాల లోపలి పొరను కాపాడే మరో ప్రొటీన్‌ను అది పట్టేసుకోవడంతో ఒళ్ళంతా నాళాలు బిగుసుకుంటాయి. బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం 2003లో ఈ సంగతి బయటపెట్టింది. ఎస్‌ఫ్లిట్-1 ఎక్కువయ్యేలా చేసిన గర్భిణి ఎలుకల్లో బీపీ పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ పోయింది.

కాబట్టి ఆవకాయ తిన్నందుకో, ల్యాప్‌టాప్ వదలనందుకో ఈ జబ్బు వచ్చిందని ఆ అమ్మాయిని అనడం అన్యాయం. ఉప్పు మానేసినా, మంచం దిగకపోయినా ఇది రాకుండా ఆగదు. నివారణ కోసం ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయడం లేదు. కొంతవరకు పనిచేసేది ఆస్పిరిన్. తొలి మూడు నెలల పరీక్షల్లో ముప్పు ఎక్కువగా కనిపించినవారికి రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇస్తే, 37 వారాల లోపు కాన్పు చేయాల్సి వచ్చే ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గిందని 2017లో వెలువడిన ఆస్ప్రే అధ్యయనం తేల్చింది. 16 వారాల లోపే మొదలుపెడితే మేలు, అదీ డాక్టర్ రాసిస్తేనే. తొలి కాన్పు, 35 దాటిన వయసు, ఐవీఎఫ్, కవలలు, షుగర్, అంతకుముందే బీపీ ఉండటం, అమ్మకో అక్కకో ఇది వచ్చి ఉండటం, ఇలాంటివన్నీ మొదటి విజిట్‌లోనే చెప్పాలి. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నవాళ్ళు మరీ ముఖ్యంగా చెప్పాలి, ఆ మందు గర్భంలో పనికిరాదు. దాని బదులు లాబెటలాల్, నిఫెడిపిన్ లాంటివి ఇస్తారు.

ఇంట్లో బీపీ చూసుకునేవాళ్ళు రాయదుర్గం మెట్రో మెట్లెక్కి వచ్చిన ఊపులో చూసుకోవద్దు. మూత్రానికి వెళ్ళొచ్చి, కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేలకు ఆనించి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. వచ్చిన అంకెను తేదీతో సహా రాసిపెట్టుకోవాలి.

సీమంతం చేసి అమ్మాయిని పుట్టింటికి పంపేది సరిగ్గా ఈ జబ్బు బయటపడే నెలల్లోనే. ఊరు మారుతుంది, డాక్టర్ మారతారు. గాజులు, చీరలు సర్దుకున్నంత శ్రద్ధగా ఫైలు కూడా సర్దుకోవాలి. బీపీ అప్పటికే పెరిగి ఉంటే, నెలలు నిండని పిల్లల ఐసీయూ దగ్గర్లో లేని ఊరికి వెళ్ళకపోవడమే మంచిది.

ఇక నెలలు నిండకముందే కాన్పు చేయాలనగానే ఇంట్లో అనుమానం మొదలవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే కాబట్టి ఆ అనుమానాన్ని తప్పుపట్టలేం. అయితే ఇక్కడ సంగతి వేరు. మందులు బీపీని అదుపు చేస్తాయే గానీ జబ్బును నయం చేయవు. మాయ బయటకు వస్తేనే జబ్బు వెనక్కి తగ్గడం మొదలవుతుంది. పరిస్థితి నిలకడగా ఉంటే 37 వారాల దాకా ఆగుతారు. తీవ్రంగా ఉంటే 34 వారాలకు, తల్లికో బిడ్డకో ప్రాణం మీదికి వస్తే అంతకుముందే కాన్పు చేస్తారు. అదైనా సిజేరియనే కానక్కర్లేదు, వీలుంటే నొప్పులు రప్పించి చేస్తారు.

వీలైతే ముందు రెండు రోజులు సంపాదిస్తారు. ఆ రెండు రోజుల్లో 12 గంటలకొకటి చొప్పున నాలుగు డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు తల్లికి పడితే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా తయారవుతాయి. ఇది గొర్రెల దగ్గర దొరికిన జ్ఞానం. న్యూజిలాండ్‌లో గ్రాహం లిగ్గిన్స్ కాన్పు నొప్పులు ఎలా మొదలవుతాయో వెతుకుతుండగా, స్టెరాయిడ్ పడిన గొర్రెపిల్లలు బతికే వయసు కాకపోయినా ఊపిరి తీయడం చూశాడు. రాస్ హోవీతో కలిసి గర్భిణులకు ఇచ్చి చూసి, 1972లో ఫలితాలు ప్రకటించాడు. ఫిట్స్ రాకుండా ఇచ్చేది మెగ్నీషియం సల్ఫేట్. 33 దేశాల్లో పదివేల మందికి పైగా స్త్రీలపై జరిగిన మ్యాగ్‌పై పరీక్షలో (2002) ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గింది. ఆ మందు ఎక్కుతుంటే ఒళ్ళంతా సెగలా ఉంటుంది. నర్సు మాటిమాటికీ వచ్చి మోకాలి కింద సుత్తితో తట్టి చూస్తుంది. కాలు ఎగరకపోతే మందు ఎక్కువైందని గుర్తు. ఇది తెలిస్తే సగం భయం పోతుంది.

కాన్పుతో బీపీ వెంటనే దిగదు. మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య ఇంకా పెరగవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. కాబట్టి ఇంటికి వచ్చాక తలనొప్పిని బాలింత నీరసం కింద కొట్టేయకూడదు. సెలవు గురించి కూడా ఒక మాట. 26 వారాల ప్రసూతి సెలవు అందరికీ తెలుసు. గర్భం వల్ల జబ్బుపడినా, బిడ్డ నెలలు నిండక పుట్టినా మరో నెల దాకా జీతంతో సెలవు అడిగే హక్కును 1961 నాటి చట్టమే ఇచ్చింది. హెచ్‌ఆర్‌ను అడగండి.

నెలలు నిండని బిడ్డ బరువు పెరిగి ఇంటికి వచ్చినా ఒక పరీక్ష మిగిలే ఉంటుంది. అలాంటి పిల్లలకు కంటి వెనక రెటీనాలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరగవచ్చు. పైకి ఏమీ తెలియదు, సమయానికి లేజర్ చేయకపోతే చూపే పోవచ్చు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ సుభద్ర జలాలీ 1990ల చివర్లోనే జంట నగరాల పిల్లల ఐసీయూల్లో ఈ పరీక్షలకు దారి వేశారు. 34 వారాల లోపు గానీ, 2 కిలోల లోపు బరువుతో గానీ పుట్టిన బిడ్డకు 30 రోజులు నిండేలోపు, మరీ ముందుగా పుడితే మూడు వారాల లోపే రెటీనా పరీక్ష చేయించాలి. డిశ్చార్జ్ కాగితంలో ఆ తేదీ లేకపోతే, బిడ్డను ఇంటికి తీసుకొచ్చేముందే అడిగి రాయించుకోండి.