ఇంట్లో మనిషి - ఆఫీసులో హాజరు

“మావయ్యా, ఒక్క నిమిషం పలకరించకు. ఆఫీసుకు వెళుతున్నాను” అన్నది మా మేనకోడలు.

నేను పేపరు దించి చూశాను. పిల్ల భోజనాల బల్ల దగ్గరే కూర్చుని ఉన్నది. జడ ఇంకా వేసుకోలేదు. మా ఆవిడ పెట్టిన పెసరట్టు పక్కన చల్లారిపోతున్నది. ఆమె ఆఫీసు హైదరాబాదులో, మేముండేది తెనాలిలో. మధ్య దూరం సుమారు 300 కిలోమీటర్లు. వారానికి రెండు రోజులు ఇంటి నుంచే పని చేసుకోవచ్చునని ఆఫీసువాళ్ళు అనుమతించారు కనుక, ఆ రెండు రోజులనూ శని ఆదివారాలతో కలుపుకుని అప్పుడప్పుడు మా ఇంటికి వస్తూ ఉంటుంది.

“కూర్చున్నచోటు నుంచి కదలకుండా వెళ్ళడమేమిటే?” అన్నాను.

“ఇటు చూడు” అని ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. తెరలో మరో తెర కనిపించింది. అది హైదరాబాదులో ఆమె బల్ల మీద ఉన్న కంప్యూటరు తెర అట! ఇక్కడ వేలు కదిపితే అక్కడ బాణం గుర్తు కదులుతున్నది. దీన్నే రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. ఇక్కడి నుంచి వెళ్ళేవి మనం నొక్కిన అక్షరాలూ, మౌసు కదలికలూ మాత్రమే. అక్కడి నుంచి వచ్చేది తెర మీది బొమ్మ. అసలు పనంతా అక్కడి యంత్రమే చేస్తుంది. మైక్రోసాఫ్ట్ వారు 1998లో విండోస్ ఎన్.టి. 4.0తో ఈ పద్ధతిని తెచ్చారు. 2001లో ఎక్స్‌పీ వచ్చాక మామూలు ఆఫీసు బల్లల మీదికీ ఎక్కింది. 2020 మార్చిలో కరోనా వచ్చి అందరినీ ఇళ్ళలో కూర్చోబెట్టినప్పుడు ఎన్నో ఇళ్ళకు ఈ విద్య అవసరమయింది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గదా, నాకు పరకాయప్రవేశం గుర్తుకొచ్చింది. శంకరాచార్యులవారు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించినప్పుడు ఆయన దేహాన్ని శిష్యులు గుహలో ఉంచి కాపలా కాశారని కథ. ఈ విద్యకూ కాపలా తప్పదు. రిమోట్ డెస్క్‌టాప్ మామూలుగా 3389 అనే నంబరు గల ద్వారం గుండా నడుస్తుంది. ఆ ద్వారం లోకానికంతటికీ తెరిచి ఉంచితే దొంగలు పాస్‌వర్డులు ఒకటొకటిగా వేసి చూస్తారు. అందుకని ముందు వి.పి.ఎన్. అనే సొరంగంలోంచి రానిస్తారు. ఆపైన ఫోనుకు వచ్చే అంకెలు కూడా చెప్పమంటారు.

ఇంత ప్రయాణమూ దేనికంటే, ముందుగా హాజరు వేసుకోవడానికి! ఆ ప్రోగ్రాము జీతాల లెక్కతో ముడిపడినది కనుక ఆఫీసు లోపలి కంప్యూటర్లలో తప్ప తెరుచుకోదు. పొద్దున ‘ఇన్’ నొక్కాలి, సాయంత్రం ‘అవుట్’ నొక్కాలి. మన గోడ గడియారం ఎంత చూపించినా లాభం లేదు. అక్కడి గడియారం చెప్పిందే వేళ.

ఇలాంటి గడియారాలకు వయసు బాగానే ఉన్నది. అమెరికాలో ఆబర్న్ అనే ఊరి నగల వర్తకుడు విల్లర్డ్ బండీ, పనివాళ్ళ రాకపోకల వేళలను కాగితం మీద అచ్చువేసే యంత్రాన్ని 1888లో కనిపెట్టాడు. ఒక్కొక్క పనివాడికీ ఒక్కొక్క నంబరు తాళంచెవి. ఆ గడియారాల వ్యాపారం 1911లో ఒక పెద్ద సంస్థలో కలిసింది. 1924లో ఆ సంస్థే ఐ.బి.ఎం. అని పేరు మార్చుకున్నది. అంటే హాజరు గడియారమూ, కంప్యూటరూ దాయాదులన్నమాట! బండీగారి యంత్రం తాళంచెవిని గుర్తుపట్టేదే గాని, దాన్ని తిప్పినవాడు ఆ రోజు ఎంత పని చేశాడో దానికేం తెలుసు?

ఆ సంగతి కిందటి వానాకాలంలో మా పిల్లకు అనుభవమయింది. ఒకనాటి సాయంకాలం గాలివానకు కరెంటు పోయింది. దానితో ఇంటర్నెట్టూ పోయింది, రిమోట్ తెరా మాయమయింది. మామూలుగా అయితే భయం లేదు. లైను తెగినా అక్కడి కంప్యూటరులో పని ఎక్కడిదక్కడే ఉంటుంది, మళ్ళీ కలిసినప్పుడు అందుకోవచ్చు. కాని కరెంటు అర్ధరాత్రి దాటాక గాని రాలేదు. పిల్ల కొవ్వొత్తి వెలుగులో, తన ఫోనులోనే రిపోర్టు పూర్తిచేసి పదింటికి పంపింది. ఫోనులోంచి హాజరు ప్రోగ్రాముకు దారి లేదు. ‘అవుట్’ పడలేదు. నెలాఖరున అరపూట జీతం కోశారు. అర్జీ పెట్టుకుంటే, రికార్డులో లేనిదానికి తామేమీ చేయలేమన్నారట.

“ఇదేం న్యాయం? పని చూడాలి గాని గడియారం చూస్తారా?” అని నేను కేకలు వేశాను.

పిల్ల నా వంక చూసి, “మరి నువ్వు మీ క్లాసులో ఏం చూస్తావు మావయ్యా?” అన్నది నెమ్మదిగా.

నాకు నోట మాట రాలేదు. మొదటి గంటకు పల్లెటూరి బస్సు దిగి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చే కుర్రాడొకడున్నాడు. వచ్చాక నలభై నిమిషాలూ చెవులప్పగించి వింటాడు. పద్యానికి ప్రతిపదార్థం అడిగితే మొదట చెయ్యెత్తేది వాడే. నా రిజిస్టరులో మాత్రం వాడు చాలా రోజులు ‘ఆబ్సెంటు’. హాజరు 75 శాతానికి తగ్గి, పరీక్ష రాయడానికి అపరాధరుసుం కట్టవలసి వచ్చింది. వాళ్ళ నాన్న కూలి చేసుకునే మనిషని తరవాత తెలిసింది.

మా పిల్ల ఇప్పుడు జాగ్రత్త నేర్చుకున్నది. లైను తెగిన మరుక్షణం పైఅధికారికి వేళతో సహా ఫోనులో కబురు పెడుతుంది. ‘అవుట్’ నొక్కాక ఆ కబురునూ, వచ్చిన జవాబునూ దాచుకుంటుంది. ఇంటి నుంచి పని చేసే పిల్లలందరూ ఇలా చేయడం మంచిది.

ఆ కుర్రాడికి దాచుకోవడానికి అలాంటి కబురేమీ లేదు. అందుకని మర్నాటి నుంచి హాజరు రిజిస్టరు పాఠం మొదట గాక, గంట చివర తీస్తున్నాను. మొదటి రోజు వాడి పేరు పిలిచినప్పుడు, “ప్రెజెంట్ సార్!” అన్న ఆ గొంతు గది దద్దరిల్లేలా వినిపించింది.