పాట ఎత్తుకుంటే పేరు గూడ చెప్పాలె

ఫోన్ల ఎవరిదో పాట పాడి పెడుతున్నరా తమ్మీ, చెల్లే? అయితే వాసెలిన్స్ ముచ్చట ఇనుండ్రి.

స్కాట్లాండ్‌ల గ్లాస్గో పట్నం. 1986ల యూజీన్ కెల్లీ, ఫ్రాన్సెస్ మెకీ అనే ఇద్దరు ఈ బ్యాండు పెట్టిండ్రు. పెద్ద కంపెనీ అండ లేదు. ఫిఫ్టీథర్డ్ అండ్ థర్డ్ అనే చిన్న లేబుల్ 1987ల ఒకటి, 1988ల ఒకటి చిన్న రికార్డులు తెచ్చింది. తర్వాత 'డమ్ డమ్' అనే ఒక్క ఆల్బం. గంతే, బ్యాండు ఇడిపోయింది. పాటలు మాత్రం రికార్డుల మీద బతికినయి.

అవి అమెరికాల నిర్వాణ బ్యాండు పాటగాడు కర్ట్ కోబేన్ చెవిన పడ్డయి. ఆ బ్యాండు వీళ్ల పాటలు మూడు పాడింది. 1993 నవంబర్ల, న్యూయార్క్ టీవీ కచేరిల పాట ఎత్తుకునే ముందే కోబేన్ వాసెలిన్స్ పేరు చెప్పిండు. అంతకుముందే 1992ల సబ్ పాప్ అనే లేబుల్ వాళ్ల పాత పాటలన్నీ ఒక్కకాడ జేసి మళ్ల తెచ్చింది. 2010ల ఆ ఇద్దరు కలిసి కొత్త ఆల్బం గూడ చేసిండ్రు.

పేరు చెప్పకపోతే లోకం ఆ పాటలను నిర్వాణయే అనుకుంటుండె. మీరు గూడ పాట కింద రాసినోళ్ల పేరు పెట్టుండ్రి. పైస ఖర్చు లేదు. వాళ్ల కష్టం మాత్రం నిలుస్తది.